సిక్కోలు తీరం అడుగు బురదలో లోహాలు: ఎంత ఉంటే కాలుష్యం?

కళింగపట్నం బీచ్‌లో అల వెనక్కి తగ్గాక తడి ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. కొన్నిచోట్ల అవి ముదురు ఎరుపులోకి తిరుగుతాయి. కొత్తగా చూసినవాళ్లు ఏ ఓడ నుంచో ఆయిల్ పడిందనుకుంటారు. అది ఆయిల్ కాదు. నల్లగా ఉన్నది ఇల్మనైట్ అనే ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం. ఎర్రగా ఉన్నది గార్నెట్. వీటితో పాటు సిలిమనైట్, రూటైల్, జిర్కాన్, కొద్దిగా మోనజైట్ కూడా ఉంటాయి. తూర్పు కనుమల రాళ్లు లక్షల ఏళ్లుగా అరిగితే, ఆ పొడిని వంశధార, నాగావళి మోసుకొచ్చి సముద్రంలో పోశాయి. తేలికపాటి ఇసుకను అల తీసుకుపోతుంది. బరువైన గింజలు ఒడ్డునే ఆగిపోతాయి.

ఈ నల్ల ఇసుకను గుప్పెడు తీసుకెళ్లి ల్యాబ్‌లో ఇస్తే ఇనుము, టైటానియం, మాంగనీస్, క్రోమియం, వెనేడియం అన్నిటికీ పెద్ద అంకెలే వస్తాయి. ఆ కాగితం చూపించి శ్రీకాకుళం తీరం విషమైపోయిందని వార్త రాసేయొచ్చు. అది తప్పు వార్త అవుతుంది. అలాగని ఇక్కడి సముద్రం అడుగున ఉన్నదంతా కొండల నుంచి వచ్చిందే, మనిషి కలిపింది ఏమీ లేదనుకున్నా తప్పే. బారువ నుంచి కోనాడ దాకా ఉన్న ఈ తీరంలో అడుగు మట్టి గురించి మాట్లాడాలంటే ముందు ప్రకృతి పెట్టిన లోహమెంత, మనం చేర్చిన లోహమెంత అన్నది విడదీయాలి. వినడానికి తేలికే, చేయడమే కష్టం. తీరం మీద వచ్చే నివేదికల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది కూడా ఇక్కడే.

పేపర్లలో వీటిని భార లోహాలు అంటారు. పేరు బరువుగా ఉన్నా పరిమాణం చాలా తక్కువ. కిలో ఎండు మట్టిలో ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయో చూస్తారు. కిలోకు ఒక మిల్లీగ్రాము అంటే పది లక్షల్లో ఒక వంతు, దాన్నే పీపీఎం అంటారు. బురద గట్టిపడి ఏర్పడే షేల్ అనే రాయిలో ప్రపంచ సగటు తీస్తే జింకు 95, క్రోమియం 90, నికెల్ 68, రాగి 45, సీసం 20 పీపీఎం ఉంటాయి. కాడ్మియం 0.3 మాత్రమే. 1961లో తురేకియన్, వెడెపోల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇచ్చిన పట్టిక ఇది. అరవై ఏళ్లు దాటినా, స్థానిక లెక్క లేనిచోట ఇప్పటికీ దీన్నే పోలికకు తీసుకుంటున్నారు.

నీళ్లను కాకుండా బురదనే ఎందుకు చూస్తారు?

సముద్రపు నీరు ఒకచోట నిలవదు. ఈరోజు పైపులోంచి వచ్చినది రేపటికి ఎక్కడో ఉంటుంది. సీసా నింపి పరీక్ష చేస్తే ఆ గంటలో ఏముందో తెలుస్తుంది, అంతే. లోహాలకు మాత్రం నీళ్లలో కరిగి తిరగడం కంటే సన్నని బంకమట్టి రేణువులకు అంటుకోవడమే సులువు. ఏటి నీరు ఉప్పునీటిని తాకే మొగ దగ్గర ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, ముద్దకట్టి అడుగుకు దిగుతాయి. అందుకే కళింగపట్నం దగ్గర వంశధార మొగ, కళ్లేపల్లి దగ్గర నాగావళి మొగ, బారువ దగ్గర మహేంద్రతనయ మొగ, కోనాడ దగ్గర చంపావతి మొగ ఈ విషయంలో కీలకమైన చోట్లు. పైనున్న ఊళ్లు, పొలాలు, ఫ్యాక్టరీలు వదిలినదంతా చివరికి చేరేది అక్కడికే.

అయితే ఈ ఏళ్లు ఏడాది పొడవునా ఒకేలా పారవు. ఎండాకాలంలో మొగలు ఇసుక మేటలతో దాదాపు మూసుకుపోతాయి. మళ్లీ జులై నుంచి అక్టోబరు దాకా వచ్చే కొన్ని వరదలే ఏడాదికి సరిపడా ఒండ్రును తెచ్చి పోస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి వంశధారకు పెద్ద వరద తెచ్చింది. అలాంటప్పుడు అడుగున ఉన్న పాత మట్టి లేచిపోయి, దాని మీద కొత్త మట్టి పరుచుకుంటుంది. మే నెలలో తీసిన నమూనా, నవంబరులో తీసిన నమూనా ఒకే చోటివైనా ఒకే మట్టి కావు. ఒక్క సీజన్ అంకెలతో తీర్పు చెప్పే రిపోర్టును అందుకే అనుమానంగా చూడాలి.

ఇంకో చిక్కు ఉంది. విశాఖ లోపలి హార్బర్ మూడు వైపులా మూసుకున్న మడుగు లాంటిది. అందులో పడ్డది అందులోనే దిగుతుంది. సిక్కోలు, విజయనగరం తీరం అలా కాదు. ఇది తెరిచిన తీరం, అలల తాకిడి ఎక్కువ. ఒడ్డుకు దగ్గరగా ఇసుకే మిగులుతుంది. సన్నని బురద లోతు నీళ్లలోకి, లేదంటే అల నెమ్మదించే ఉప్పుటేర్లలోకి పోతుంది. పైగా నైరుతి రుతుపవనాల అలలు ఒడ్డు వెంబడి ఇసుకను ఉత్తరానికి నెడతాయి. అక్టోబరు తర్వాత తీరప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. వరద నీళ్లలో తేలివచ్చిన బురద దానితో పాటు కొంత విజయనగరం వైపు మళ్లుతుంది. అంటే ఇసుకది ఒక దారి, బురదది ఇంకో దారి.

దీని అర్థం ఆలోచిస్తే టెన్షన్ కలుగుతుంది. పైడిభీమవరం ప్రాంతంలో కొన్ని పరిశ్రమలు శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని పైపులతో సముద్రంలోకి వదులుతాయి. ఆ పైపు కొస దగ్గర అడుగు మట్టి తీస్తే ఇసుక వస్తుంది. ఇసుకలో లోహం తక్కువే కనిపిస్తుంది. అంతా బాగుందని రాసుకోవచ్చు. కానీ ఆ నీళ్లలోంచి రేణువులకు అంటుకున్నది ఏదైనా ఉంటే అది అక్కడ ఆగదు. అది దిగే బురద మడుగు ఎక్కడుందో ముందు వెతికి, నమూనా అక్కడ తీయాలి. పైపు చుట్టూ గీసిన వలయంలో మాత్రమే నమూనాలు తీస్తే సగం ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

కొండ ఇచ్చినది, మనిషి చేర్చినది

తూర్పు కనుమల్లో ప్రధానమైన రాళ్లు రెండు: ఖోండలైట్, చార్నోకైట్. మొదటిదానికి ఆ కొండల్లో ఉండే ఖోండుల పేరే పెట్టారు. కోణార్క గుడి కట్టింది కూడా ఆ రాయితోనే. గార్నెట్, సిలిమనైట్ దీంట్లోంచే ఇసుకలోకి వస్తాయి. చార్నోకైట్ ముదురు రంగు రాయి. అందులోని ముదురు ఖనిజాలు ఇనుముతో పాటు క్రోమియం, నికెల్ కూడా ఇస్తాయి.

మాంగనీస్ సంగతి వేరు. దేశంలో మాంగనీస్ గనుల తవ్వకం మొదలైందే విజయనగరం జిల్లాలో, 1892లో. గర్భాం, కోడూరు, గరివిడి చుట్టుపక్కల నేల అంతా ఆ ఖనిజంతో నిండినదే. కోడూరు పేరుతో కోడూరైట్ అని ఒక రాయికి ప్రపంచ భూగర్భ శాస్త్రంలో పేరు కూడా ఉంది. నూట ముప్పై ఏళ్లుగా అక్కడ తవ్వి పోసిన గుట్టల మీద వాన పడుతోంది. ఆ నీరు గెడ్డల్లోకి, గెడ్డల నుంచి సముద్రానికి చేరుతుంది. అలాంటప్పుడు కోనాడ వైపు అడుగు మట్టిలో మాంగనీస్ ఎక్కువ వస్తే దాన్ని ప్రకృతి ఖాతాలో రాయాలా, గని ఖాతాలో రాయాలా? రెండింటికీ వాటా ఉంది. నిజాయితీగా చెప్పాలంటే మొత్తం అంకె ఒక్కటే చూసి ఆ వాటాలు తేల్చడం కుదరదు.

నాగావళి కథలో పక్క రాష్ట్రానిదీ భాగం ఉంది. ఆ ఏరు ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా వస్తుంది. రాయగడ దగ్గర కాగితం మిల్లు, థేరుబలి దగ్గర ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఉన్నాయి. కింద తోటపల్లి, నారాయణపురం ఆనకట్టలు దాటి శ్రీకాకుళం పట్నం పక్కనుంచి సముద్రంలో కలుస్తుంది. ఆనకట్టల వెనక కొంత ఒండ్రు ఆగిపోతుంది, వాటి దిగువన పట్నం మురుగు కలుస్తుంది. కళ్లేపల్లి మొగలో తీసిన పిడికెడు బురదలో ఇవన్నీ కలిసే ఉంటాయి.

మనిషి చేర్చేవాటిలో అందరికీ కనిపించేవి ఫ్యాక్టరీలు. కనిపించనివి చాలా ఉన్నాయి. ఫాస్ఫేట్ ఎరువుల్లో కొద్దిగా కాడ్మియం ఉంటుంది. ఆయకట్టు పొలాల్లో ఏటా చల్లే ఎరువుతో అది వస్తుంది. రొయ్యల చెరువుల్లో నాచు పోవడానికి వేసే మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. పడవ అడుగుకు నాచు, గుల్లలు పట్టకుండా పూసే రంగుల్లో ఎక్కువగా ఉండేదీ రాగే. వల దిగడానికి కట్టే సీసపు గుళ్లు ఏటా ఎన్నో తెగి అడుగునే ఉండిపోతాయి. బల్క్ డ్రగ్ తయారీలో హైడ్రోజన్ ఎక్కించే దశలో నికెల్ ఉత్ప్రేరకం వాడతారు. పెట్రోల్లో కలిపే సీసాన్ని దేశమంతటా 2000లో ఆపేశారు. అంతకుముందు దశాబ్దాలలో రోడ్ల మీద పడ్డది మాత్రం వానతో కొట్టుకొచ్చి బురద పొరల్లో ఉండిపోయింది.

ఇక్కడ బీలలు, తంపరలు అనే చిత్తడి నేలల గురించి ఒక మాట. సోంపేట బీల కోసం 2010లో, కాకరాపల్లి తంపర కోసం 2011లో జనం థర్మల్ ప్లాంట్లకు ఎదురు నిలిచారు, ప్రాణాలు కూడా పోయాయి. ఆ పోరాటం నీటి కోసం, చేపల కోసం, సాగు కోసం జరిగింది. అడుగు మట్టి వైపు నుంచి చూసినా వాళ్లు కాపాడుకున్నది చాలా విలువైనది. గాలి తగలని చిత్తడి బురద, తుంగ వేళ్లు కలిసి లోహాన్ని సముద్రం దాకా పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. చిత్తడిని పూడ్చేస్తే పోయేది పక్షులు, చేపలు మాత్రమే కాదు. సముద్రానికి ముందున్న జల్లెడ కూడా పోతుంది.

ఒకే అంకెకు రెండు తీర్పులు

ఒక నమూనాలో క్రోమియం 120 పీపీఎం వచ్చిందనుకుందాం. అమెరికా వాళ్లు 1990లలో తయారుచేసిన మార్గదర్శక విలువల్లో, జీవులకు హాని మొదలయ్యే అవకాశం ఉన్న కింది గీత క్రోమియానికి 81. ఆ లెక్కన ఈ మట్టి గీత దాటింది. సహజ స్థాయి కంటే లోహం ఎంత పోగైందో చెప్పే జియో అక్యుములేషన్ సూచికను 1969లో జర్మన్ శాస్త్రవేత్త ముల్లర్ ఇచ్చాడు, దాంతో చూస్తే వేరే సంగతి. షేల్ సగటు 90ని ఒకటిన్నరతో గుణించి, వచ్చిన దాంతో 120ని భాగించి, రెండు ఆధారంగా లాగరిథమ్ తీస్తే సున్నాకు కిందే వస్తుంది. అంటే కాలుష్యం లేదు. మట్టి ఒకటే, అంకె ఒకటే, తీర్పులు మాత్రం రెండు.

ఎందుకిలా? ఆ కింది గీత 81 అన్నది ప్రపంచ షేల్ సగటు 90 కంటే తక్కువ. నికెల్‌కు ఇంకా విడ్డూరం, గీత 20.9 అయితే సగటు రాయిలోనే 68 ఉంది. ఎవరూ ముట్టుకోని మట్టి కూడా ఆ గీత దాటేస్తుంది. ఆ విలువలు తప్పని కాదు. అవి వేరే తీరాల్లో చేసిన పరీక్షల నుంచి వచ్చాయి. చార్నోకైట్ కొండల కింద ఉన్న తీరానికి వాటిని యథాతథంగా తెచ్చి పెడితే ప్రతి ఊరూ ఎర్ర గీత దాటినట్టే కనిపిస్తుంది. మన దగ్గర సముద్రపు నీటికి వాడకాన్ని బట్టి ఎస్‌డబ్ల్యూ-1 నుంచి ఎస్‌డబ్ల్యూ-5 దాకా తరగతులు ఉన్నాయి. అడుగు మట్టి దగ్గరకు వచ్చేసరికి మాత్రం పరిశోధకులు ఎక్కువగా ఈ విదేశీ గీతలనే ఆశ్రయిస్తున్నారు.

కాడ్మియంలో ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. 1980లో హాకన్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఇచ్చిన పద్ధతిలో ఒక్కో లోహానికి ఒక్కో విష తీవ్రత గుణకం ఉంటుంది: జింకుకు 1, క్రోమియానికి 2, రాగికీ సీసానికీ 5, కాడ్మియానికి 30, పాదరసానికి 40. నమూనా అంకెను సహజ స్థాయితో భాగించి ఆ గుణకంతో గుణిస్తారు. నమూనాలో కాడ్మియం 0.6 ఉందనుకుందాం. సహజ స్థాయి 0.3 అని తీసుకుంటే ఫలితం 60, అది మధ్యస్థ ప్రమాదం. సహజ స్థాయి 0.1 అని తీసుకుంటే ఫలితం 180, అది ఎక్కువ ప్రమాదం. దశాంశం తర్వాత ఒక్క అంకె ఎంచుకోవడంలోనే తీర్పు రెండు మెట్లు ఎగబాకింది. నివేదిక చదివేటప్పుడు ముందుగా వెతకాల్సింది రంగుల మ్యాపును కాదు, సహజ స్థాయిగా దేన్ని తీసుకున్నారన్న ఆ చిన్న వాక్యాన్ని.

ఇసుకలో లోహం తక్కువగా, బంకమట్టిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రేణువు సైజు తేడాను సరిచేయడానికి ఒక దారి ఉంది: లోహాన్ని అల్యూమినియంతోనో ఇనుముతోనో భాగించి చూడటం. బంకమట్టి ఎక్కువైతే అల్యూమినియం కూడా ఎక్కువవుతుంది కాబట్టి తేడా సర్దుకుంటుందని దీని వెనక ఉన్న ఆలోచన. చాలా తీరాల్లో ఇది బాగా పనిచేస్తుంది. సిక్కోలు తీరంలో జాగ్రత్త అవసరం. ఇక్కడ ఇనుము ఇల్మనైట్ నుంచి, గార్నెట్ నుంచి కూడా వస్తుంది. అల్యూమినియం సిలిమనైట్‌లో దండిగా ఉంటుంది. బంకమట్టి లేని ఇసుకలో కూడా ఈ రెండూ పెరిగి, లోపలున్న అసలు కాలుష్యాన్ని చిన్నదిగా చూపిస్తాయి. అందుకే ఈ తీరంలో మట్టిని ముందు జల్లెడ పట్టి, 63 మైక్రాన్ల కంటే సన్నగా ఉన్న భాగాన్ని వేరుచేసి కొలవడం మేలు. అది దాదాపు తల వెంట్రుక మందం. నల్ల ఇసుక చాలావరకు జల్లెడ పైనే ఉండిపోతుంది.

ఎంత ఉందన్నదాని కంటే ఏ రూపంలో ఉందన్నది ముఖ్యం. చేతిలో ఉన్న డబ్బు, బ్యాంకులో వేసిన డబ్బు, పొలం మీద పెట్టిన డబ్బు మూడూ ఆస్తే. రేపు పొద్దున ఖర్చయ్యేది మాత్రం చేతిలోదే. లోహమూ అంతే. ఇల్మనైట్ గింజ లోపల ఇరుక్కున్న క్రోమియం వేల ఏళ్లయినా బయటికి రాదు, దాన్ని పురుగు తిన్నా అరగదు. బంకమట్టి పైపైన అంటుకున్న కాడ్మియం నీటిలో కొద్ది మార్పు వచ్చినా విడిపోతుంది. 1979లో టెసియర్ బృందం ఇచ్చిన పద్ధతిలో ఒకే మట్టిని వరసగా ఒకదానికంటే ఒకటి గట్టి ద్రావణాలతో కడిగి, లోహాన్ని అయిదు భాగాలుగా విడదీస్తారు. తేలిగ్గా విడిపోయేవి మొదటి భాగాల్లో వస్తాయి, రాయిలో ఇరుక్కున్నది చివర్లో మిగులుతుంది. ఖర్చు, సమయం ఎక్కువే. అయినా ఈ తీరానికి ఆ పరీక్ష లేని నివేదిక సగం నివేదికే.

చేప తినొచ్చా?

సామాన్యుడు అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. అడుగు మట్టి అంకె చూసి దీనికి జవాబు చెప్పలేం. మట్టిలోని లోహం ముందు బురదలో ఉండే పురుగుల్లోకి, గుల్లల్లోకి, పీతల్లోకి వెళ్లాలి. అడుగున తిరిగే జీవులకు ఇది ఎక్కువ, పైనీళ్లలో గుంపుగా తిరిగే కవళ్లు, నెత్తళ్లకు తక్కువ. చేపలో కూడా లోహం ఎక్కువగా చేరేది కాలేయంలో, మొప్పల్లో. మనం తినే కండలో చాలా లోహాలు తక్కువగానే ఉంటాయి. పాదరసం దీనికి మినహాయింపు. అది మిథైల్ రూపంలోకి మారి కండలోనే చేరి, చిన్న చేప నుంచి పెద్ద చేపకు వెళ్తున్నకొద్దీ పెరుగుతుంది. 1956లో జపాన్‌లోని మినమాటలో బయటపడిన విషాదానికి కారణం అదే. అందుకని ఒక చేప మంచిదో కాదో చెప్పాలంటే ఆ చేపనే కోసి కొలవాలి.

ఇది చెప్పడానికి కారణం ఉంది. నమూనా సరిగా తీయని, సహజ స్థాయి సరిగా చూడని ఒక్క వార్త చాలు, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మే ఆడవాళ్ల నోటి కాడ కూడు పోవడానికి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. దాన్ని సముద్రపు బురదకు ముడిపెట్టి చేసే ప్రచారం కూడా అలాంటి అన్యాయమే. అసలు కాలుష్యం ఉన్నచోట దాన్ని గట్టిగా చెప్పగలగాలంటే, లేనిచోట లేదని చెప్పే నిబ్బరం కూడా ఉండాలి.

తవ్వకానికి ముందు తీయాల్సిన మట్టి

సంతబొమ్మాళి మండలం మూలపేటలో కొత్త పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఓడలు రావాలంటే అడుగు తవ్వాలి. అడుగు బురద కొన్ని సెంటీమీటర్ల కింద నల్లగా ఉంటుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. రొయ్యల చెరువుల వాళ్లకు ఈ నల్ల బురద కొత్త కాదు. అక్కడ ఆక్సిజన్ ఉండదు. రాగి, జింకు, సీసం, కాడ్మియం గంధకంతో కలిసి సల్ఫైడ్లుగా మారి, కదలకుండా పడి ఉంటాయి. ఆ బురదను డ్రెడ్జర్ పైకి లేపితే ఆక్సిజన్ తగులుతుంది, సల్ఫైడ్ విరిగిపోతుంది, లోహం కొంత నీళ్లలోకి విడుదలవుతుంది. అందులో కొంత ఇనుము తుప్పుకు మళ్లీ అంటుకుని వేరేచోట దిగుతుంది. తవ్విన మట్టిని ఎక్కడ పోస్తున్నారన్నది అందుకే చిన్న విషయం కాదు. దగ్గర్లోని తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లలకు మేత వెతుక్కునేది ఈ ఉప్పుటేర్లు, చిత్తడి నేలల్లోనే.

పోర్టు వద్దనడానికి ఇది వాదన కాదు. పదేళ్ల తర్వాత అక్కడి మట్టిలో రాగి పెరిగిందని ఒకరు, ఎప్పుడూ అంతే ఉందని ఇంకొకరు కొట్టుకోకుండా ఉండాలంటే పాత లెక్క చేతిలో ఉండాలి. ఆ లెక్కను ఇప్పటికీ తీయొచ్చు. నౌపడా వైపు ఉప్పుటేర్లలో, అల తాకిడి లేని, చెరువుల తవ్వకం చేరని మూలల్లో బురద ఏటేటా పొరలుగా దిగుతుంది. అక్కడ ఒక పొడవైన పైపు నిలువుగా దించి, లోపలి మట్టి చెదరకుండా పైకి తీసి, సెంటీమీటరు చొప్పున ముక్కలు కోస్తారు. దాదాపు 22 ఏళ్లకు సగమయ్యే సీసం-210 అనే రేడియోధార్మిక రూపాన్ని కొలిస్తే ఏ ముక్క ఏ కాలంలో దిగిందో సుమారు వందేళ్ల వెనక్కి చెప్పొచ్చు. 1963 ప్రాంతంలో అణు పరీక్షల వల్ల ప్రపంచమంతా పడ్డ సీజియం-137 గుర్తు దొరికితే ఆ లెక్కను సరిచూసుకోవచ్చు. అడుగు ముక్కల్లో ఉన్నదే ఈ తీరం సొంత సహజ స్థాయి. ప్రపంచ సగటు రాయి కాదు, అమెరికా గీత కాదు, మహేంద్రగిరి నుంచి, కోరాపుట్ కొండల నుంచి వచ్చిన మట్టి తాలూకు అంకె. పై ముక్కల్లో దానికి మించి ఉన్నది మనం చేర్చినది. పైపు దించే చోటును మాత్రం డ్రెడ్జర్ రాకముందే ఎంచుకోవాలి. ఒకసారి కలిసిపోయిన పొరలను మళ్లీ ఎవరూ విడదీయలేరు.